దావీదురాజు గడ్డపార పాఠం

కమలాపురం పక్క పల్లెలో మిషను బడి అయ్యవారు దావీదురాజు ఐదో ఫారం రెండుసార్లు తప్పి చదువు మానేశాడు. ఎవరైనా అడిగితే, "నేను తప్పలేదప్పా, నాకు చెప్పే తాహతు ఆ బడికి లేకపాయ" అనేవాడు. అలాంటివాడికి పసిపిల్లల్ని అప్పగించిన ఊరి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

బడిలో పలకలు తక్కువ, ఎండలు ఎక్కువ. అందుకని గోడ నీడన పాతకాలపు పనిముట్లు పరిచి పాఠం చెప్పేవాడు.

"గండికోట కట్టినోళ్ళకు మంత్రాలు రావు, ఈ గడ్డపార, ఈ గిలకే ఉండె. గడ్డపార పొడుగు కొస మన చేతిలో, పొట్టి కొస బండ కింద. ఆనించే గుండు బండకు దగ్గరగా ఉండాల. నేను కోటలో ఇట్లనే ఫిరంగి లేపితి, ఎడం చేతి చిటికెన వేలితో. కుడి చేత్తో రొట్టె తింటాంటి."

"రొట్టెలోకి ఏముండె అయ్యవారూ?" అని ప్రేమమ్మ నిలదీసింది. తొమ్మిదేళ్ళ పిల్ల, దేన్నీ ఊరికే నమ్మదు.

"ఉల్లిగడ్డ కారం."

"అట్లయితే నిజమే" అని తీర్పు చెప్పింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఇళ్ళల్లో గింజ కరువైంది. ఒక మధ్యాహ్నం దావీదురాజు బడికి వచ్చేసరికి గడ్డపార లేదు, గిలక లేదు, చేంతాడు లేదు. ప్రేమమ్మా, ఆమె తమ్ముడు లాజరూ, ఇంకో నలుగురూ లేరు.

పక్కింటి బీబమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "నీ దండు పాడుబడిన పాతర కాడికి పోయె అయ్యవారూ. అడుగున జొన్నలుండాయంట. పెండ్లికి పోయినట్టు పోయినారు."

పాతరంటే ధాన్యం దాచే లోతైన గొయ్యి. ఏళ్ళ తరబడి మూసి ఉంటే లోపలి గాలి చెడి, దిగినవాణ్ణి దిగినచోటే పడేస్తుంది. పెద్దలు మూత తీసి, గాలి పోనిచ్చి, దీపం దించి చూశాకే దిగుతారు. ఇదంతా పిల్లలకు దావీదురాజు చెప్పలేదు. ఫిరంగి కథ చెప్పాడు.

పరుగెత్తాడు. ఆ మూతబండ నలుగురు మగవాళ్ళకు గానీ కదలదు. కదలకపోతే బాగుండు. తాను చెప్పింది ఒక్కడికీ అర్థం కాకపోయుంటే బాగుండు. ఏ అయ్యవారూ కోరని కోరిక కోరుకుంటూ పరుగెత్తాడు.

బండ పక్కకు జరిగి ఉంది. పైకి వంగిన తుమ్మకొమ్మకు గిలక వేలాడుతోంది. తాడు ఒక కొస లాజరు నడుముకు, రెండో కొస ప్రేమమ్మ వాళ్ళ చేతుల్లో. లాజరు గొయ్యి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాడు.

అరిస్తే ఉలిక్కిపడి తాడు వదిలేస్తారు. దావీదురాజు అరుపును గొంతులోనే మింగి, షికారు వచ్చినవాడిలా నడిచాడు.

"ఏమప్పా లాజరూ, దిగుతాండావా? గండికోట పాతరలో నాకేమాయనో వినకుండానే?"

"ఏమాయె?"

"ఈడికి రా, చెవిలో చెప్తా."

"జొన్నలు తెచ్చినాక చెప్పు అయ్యవారూ" అంది ప్రేమమ్మ.

"అప్పటికి మర్సిపోతానమ్మే. ఏనుగు కథ, శానా పెద్దది."

"పాతరలో ఏనుగా?" లాజరు ఒక కాలు పైకి తీశాడు. ఆలోచించి రెండోదీ తీశాడు. మరుక్షణం దావీదురాజు వాణ్ణి రెక్క పట్టి లాగిన లాగుడుకు వాడు కెవ్వుమన్నాడు.

తరువాత జొన్నచొప్ప ముట్టించి తాడుకు కట్టి దించాడు. ఆరడుగులు దిగిందో లేదో, ఎవరో నలిపేసినట్టు మంట ఆరిపోయింది. పిల్లలు అంచు నుంచి వెనక్కి జరిగారు.

లాజరు మాత్రం అడిగాడు. "ఏనుగేమాయె అయ్యవారూ?"

దావీదురాజు నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోత ఒక్కటీ రాలేదు. బండ పక్కనున్న గుండును చూశాడు. చెప్పినట్టే, సరిగ్గా బండకు దగ్గరగా పెట్టారు. శభాష్ అనబోయి, గొయ్యి వైపు చూసి మానేశాడు.

అందరూ గడ్డపార పట్టి బండను మళ్ళీ మూతికి జరిపారు. ఊరి పెద్దలకు చెప్పి రమ్మని ప్రేమమ్మను పంపుతూ, అతను ఆ బండ మీద కూర్చున్నాడు.

"ఫిరంగి లేపినోడివి, బండకు కాపలా ఎందుకు?" అంది ఆ పిల్ల.

"బండ మీద అనుమానం లేదమ్మే" అన్నాడు, కాలే రాతి మీద ఇంకాస్త సర్దుకుని. "మీ మీదే."