ఆగస్టు ఎండకు గీసిన గీత

గ్వేటా అనే ఊళ్ళో పెళ్ళికార్డు కావాలన్నా, అంత్యక్రియల పత్రిక కావాలన్నా సెయిపోనే కంప్యూటరు దగ్గరికే వస్తారు. ఆమె తమ్ముడు బాగ్వాసి తప్పిపోయిన ఆవులను వెతుకుతూ బైకు మీద ఊరవతలి ఉప్పు బయళ్ళలో తిరుగుతాడు. అక్కడ ఫోను పలకదు. బైకు ఇనుము పక్కన దిక్సూచి ముల్లు నిలవదు. అందుకని ఆగస్టులో ఆమె అతనికి ఎండ దిక్సూచి గీసిచ్చింది. ఏ వేళకు నిలబెట్టిన మేకు నీడ కొస ఎక్కడ పడుతుందో లెక్క చూసి, తెర మీద చుక్కలు పెట్టి, వాటిని ఒక వంపు గీతతో కలిపింది. అచ్చు తీసి అట్టకు అంటించి, మధ్యన మేకు దిగ్గొట్టింది. నీడ కొస గీతను తాకేదాకా అట్ట తిప్పితే దాని మీది బాణం ఉత్తరం చూపుతుంది.

“పెళ్ళికార్డు మీద తీగలా ఉందే అక్కా. ఆవులు చూస్తే నాకు సంబంధం కుదిరిందనుకుంటాయి,” అన్నాడు.

“వాటికైనా ఆ ఆశ ఉంది. పొద్దున ఈ సగం, సాయంత్రం ఆ సగం. ఎండ దారి మారితే ఈ గీత పనికిరాదు. మళ్ళీ వచ్చి కొత్తది పట్టుకెళ్ళు.”

“రెండు రోజుల్లో వస్తాను. జొన్నగంజి దాచు.”

రాలేదు. గుర్రాల మీద వెతకబోయినవాళ్ళకు పెట్రోలు అయిపోయిన బైకు దొరికింది. అట్ట దొరకలేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే సెయిపోనే ఏ రోజు గీత ఆ రోజు గీస్తూనే ఉంది. పంపే దారి లేదు. తెర మీద వంపు రోజురోజుకూ తగ్గిపోతోంది. అతని చేతిలో ఉన్నది మాత్రం ఆగస్టుదే.

సెప్టెంబరులో మేనమామ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

“అట్ట తీసుకెళ్ళాడు మామా. అంటే నడుస్తున్నట్టే కదా.”

“గాలికి పోయుంటుంది తల్లీ. మీ అమ్మ పరుపు మీంచి లేవడం లేదు. రోజూ సాయంత్రం ప్రార్థనకొచ్చిన వాళ్ళకు టీ కాచి కాచి నువ్వెలా అయిపోయావో చూసుకో. ఈ శనివారం అంత్యక్రియలు జరిపి ముగిద్దాం. పత్రిక చెయ్యి.”

“వాడిది ఇంకెవరిచేతనైనా చేయించు.”

“ఇంకెవరున్నారే ఊళ్ళో?”

ఆమె తెర వైపు తిరిగింది. ఆ పొద్దున గీసిన గీతలో వంపే లేదు. పగలూ రాత్రీ సమానమైన రోజది. ఆ రోజు నీడ కొస పడమటి నుంచి తూర్పుకు తిన్నగా నడుస్తుంది. అట్ట అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. ఒక పుల్ల పాతి, నీడ కొస దగ్గర ఒక రాయి, కాసేపాగి ఇంకో రాయి పెడితే చాలు, దిక్కు తెలిసిపోతుంది. ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదు. రెండు రోజుల్లో వస్తానన్నవాడికి ఇదెందుకనుకుంది.

పెరట్లో పుల్ల పాతి రాళ్ళు పెట్టి చూసింది. నిజమే, తిన్నగానే ఉంది.

లోపలికొచ్చి పాత పత్రిక ఒకటి తెరిచి, అందులోని ముసలాయన ఫొటో తీసి బాగ్వాసి ఫొటో పెట్టింది. పుట్టిన తేదీ వేసింది. పక్కన ముసలాయన చనిపోయిన తేదీ చెరిపేసరికి ఆ చోటు ఖాళీ అయింది.

“ఏం వెయ్యను మామా?”

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

చివరికి ఆమె ఆ పొద్దున గీసిన తిన్నని గీతను తెచ్చి, చిన్నది చేసి అక్కడ పెట్టింది. చేత్తో రాసుకోవడానికి వదిలిన చోటనుకుని మామ తలూపాడు.