ఉప్పునీటిలో మేకు

మొన్న శ్రీకాకుళంలో నా కడుపు మీది కోతకు వేసిన పిన్నులను నర్సమ్మ ఒక్కొక్కటే ఊడదీసి స్టీలు పళ్లెంలో వేస్తుంటే, ఇవి దేనితో చేస్తారమ్మా అని అడిగాను. "కదలకండి తాతగారూ" అంది. అడిగినదానికి జవాబు చెప్పకపోవడం ఆసుపత్రులకు పాత అలవాటే. పంతొమ్మిది వందల అరవైల చివర్లో మా బావ చెయ్యి తెగినప్పుడూ నాకు ఇదే మర్యాద దక్కింది.

మా అక్క మొగుడు కళింగపట్నం దిగువన సముద్రం మీద బతికిన మనిషి. అప్పట్లో మావైపు పడవలకు మేకు అన్నదే ఉండేది కాదు. పలకల అంచులకు బెజ్జాలు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకు కొడితే ఉప్పునీటికి తుప్పు పట్టి, కెరటం కొట్టిన రోజున పలక విడిపోతుందని తాతలనాటి మాట. ఒక ఉదయం వలలో పడిన పెద్ద టేకు చేప తోక విసిరితే, ఆ తోకకుండే కత్తిలాంటి ముల్లు బావ మోచేతి పైన దిగి రక్తనాళాన్ని తెంపేసింది. వలతాడుతో బిగించి కట్టి, చేపల లారీ ఒకటి దొరికితే అందులో విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారంతా నేను ఐసుపెట్టె మీద కూర్చున్నాను. నీకెలా ఉందిరా అని నన్ను ఒక్కరూ అడగలేదు.

అక్కడి డాక్టరుగారు విదేశంలో నేర్చుకొచ్చిన మనిషి. కత్తెరలా పిడులున్న పనిముట్టు చూపించారు. తెగిన నాళం రెండు కొసలనూ చొక్కా చేతుల్లా బయటికి మడిచి, ఎదురెదురుగా ఆనించి నొక్కితే, కంటికి ఆనీ ఆనని పిన్నులు చుట్టూ ఒక్కసారే దిగుతాయట. వంగి చూడబోతే కాంపౌండరు నన్ను మోచేత్తో నెట్టాడు. ఆ మోచెయ్యి నాకింకా గుర్తే.

బావ అడ్డం తిరిగాడు. "మేకులేటి బాబూ? నెత్తురు ఉప్పగుంతాది గదా, తుప్పట్టీదా? దారంతో కుట్టు, ఒప్పుకుంతాను."

డాక్టరుగారు నవ్వలేదు. "ఇది ఇనుము కాదయ్యా. దారంతోనూ కుట్టగలను. కానీ చాలాసేపు పడుతుంది, ఆలోగా చెయ్యి చచ్చిపోవచ్చు."

"ఇనుము కాపోతే మరేటండీ?" అన్నాను నేను. ఎవరూ నావైపు చూడలేదు.

అక్క బావ వేళ్లు పట్టుకు చూసింది. "ఓలమ్మో, సల్లబడిపోనాయి! నువ్వు పడవ్వి కాదు, మనిసివి. ఊఁ అను! రేపు తెడ్డు నాను పట్టుకోవాలేటి?"

బావ ఊఁ అన్నాడు. సాయంత్రానికి వేళ్లు వెచ్చబడ్డాయి, మణికట్టు దగ్గర నాడి ఆడింది. డాక్టరుగారు అక్క చేత తాకించి చూపించారు. నాకు చూపించలేదు.

బావ మళ్లీ పడవ ఎక్కాడు, తెడ్డు వేశాడు. కానీ లోపలి పిన్నులకు తగులుతుందని ఉప్పు మానేశాడు. దాంతో అక్క ఇంట చేపల పులుసు ఉప్పు లేకుండానే ఉడికేది. నాకు విడిగా తీసి ఉప్పు వేయవచ్చు కదా అంటే, "మీ బావ సెయ్యికన్నా నీ నాలిక ఎక్కువేట్రా?" అనేది. నేను గడపలో కాలు పెట్టగానే బావ మణికట్టు చాపి, "ఒరే, సూడు, ఆడతన్నాదా?" అనేవాడు. ఆడేది. చప్పిడి పులుసు తిని వచ్చేవాణ్ణి.

ఏళ్లు గడిచాక ఒకసారి వెళ్తే పులుసులో ఉప్పు సరిపోయింది. ఇద్దరూ ఏమీ ఎరగనట్టు తింటున్నారు. బావ మణికట్టు చాపలేదు. ఎప్పట్నుంచి అని అడిగితే వాళ్లకే గుర్తులేదు. ఎంత పెద్ద భయాన్నయినా కాలం ఎవరితోనూ చెప్పకుండా తీసుకుపోతుంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మనకు తెలుస్తుంది.