బస్సెక్కి వచ్చే వీడియో

చేప నోట్లో చమ్కీలు కుక్కింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ దెబ్బకి గరాచర్మలో చేపలమ్మే కాళమ్మ బతుకు రోడ్డున పడబోయింది.

నాకు చదువు చెప్పిన సాంబశివరావు మాస్టారికి ఒకటే పిచ్చి. సముద్రంలో ప్లాస్టిక్ నలిగి నలిగి, కంటికి ఆననంత చిన్నదై, చేపల కడుపులోంచి మన కంచంలోకి వస్తోందని వీడియో పాఠాలు చెప్పేవారు. పాఠం మంచిదే. పిచ్చల్లా ఏమిటంటే, వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టి, అది అందిందో లేదో కనుక్కోవడానికి బస్సెక్కి శిష్యుల ఇంటింటికీ వెళ్లేవారు.

అప్పటికి సునామీ వచ్చి పన్నెండేళ్లు. మా దీవుల్లో నెట్ ఎలా ఉండేదంటే, పొద్దున్న నొక్కిన వీడియో సాయంత్రానికి కూడా గిర్రున తిరుగుతూనే ఉండేది. ఈలోగా మాస్టారు ప్రోతరాపూర్‌లో ఒక శిష్యురాలి గుమ్మం ముందు దిగిపోయేవారు.

"హరితా, పాఠం వచ్చిందా?"

"లేదు సార్, ఘూమ్ రహా హై."

"అయితే నేనే చెప్తాను."

గుమ్మంలోనే నిలబడి, వీడియోలో దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పేవారు. "సునామీ పట్టుకుపోయిన మన బకెట్లన్నీ సముద్రం పొడికొట్టి, చేపల చేత తిరిగి పంపిస్తోందమ్మా!"

ఓసారి ఒక శిష్యుడి కోసం బస్సులో పొద్దస్తమానం కూర్చుని డిగ్లీపూర్ వెళ్లారు. ఆయన దిగేసరికి ముప్పాతిక వీడియో వచ్చేసిందట. మిగతా పావు చెప్పి తిరుగు బస్సెక్కారు.

ఒకరోజు రీచార్జికి నా మొబైల్ దుకాణానికొచ్చి, చేప సంచి బల్ల మీద పెట్టారు. ఆయన కార్డు గీక్కుంటుంటే నేను ఫోన్ కవర్లకి అంటించే చమ్కీలు స్క్రూడ్రైవరుతో చేప గొంతులోకి తోశాను. ఆయన మొహం చూసి నవ్వుకుందామని, అంతే.

మాస్టారు ఆ చేప కోసి వీడియో పెట్టారు. కాళమ్మ దగ్గర కొన్నానని కూడా చెప్పారు. నలభై వీడియోల్లో ఏదీ పూర్తిగా రాలేదు గానీ, ఆ ఒక్కటీ అందరికీ టక్కున వచ్చింది!

మూడో రోజు కాళమ్మ గంపతో మాస్టారి గుమ్మంలో కూలబడింది. "మా ఇంటాయన వలేసి తెచ్చిన సేప బాబూ. దాంట్లో సమ్కీలేటి? ఒక్కలూ కొంతన్నారు కాదు. పిల్లలకి ఏటెట్టాల?"

మాస్టారి ఫోను బాగు చేయడానికొచ్చిన నేను చేతిలోని స్క్రూడ్రైవరు చటుక్కున జేబులో దాచేశాను.

మాస్టారు గంప నెత్తికెత్తుకుని బస్సెక్కారు. కండక్టరు "అరే సార్, మఛ్లీ లేకే కహాఁ?" అని చేపలు చూపిస్తే, "క్లాసుకి" అన్నారు. నేనూ వెనకాలే ఎక్కాను.

ప్రతి గుమ్మం ముందూ ఒక చేప కోసి, భూతద్దం చేతికిచ్చి, "చూడండి, చేప మంచిదే. తప్పు నాది. సరిగా చూడకుండా వీడియో పెట్టేశాను" అన్నారు. ఊరు చివరికొచ్చేసరికి చేపలన్నీ అమ్ముడైపోయి గంపలో ఐసు నీళ్లే మిగిలాయి. మర్నాటికి చేపలు కావాలని కాళమ్మకి కబుర్లు కూడా అందాయి.

ఖాళీ గంప అందుకుని నసిగాను. "సార్, అది నేనే..."

"తెలుసు. సముద్రంలో నానిన ప్లాస్టిక్ రంగు వెలిసిపోతుంది. అది కొట్లోంచి తెచ్చిన తళుకు. నీ స్క్రూడ్రైవరుకి ఇంకా అంటుకునే ఉంది."

"మరి నా పేరు చెప్పలేదేం?"

"నలభై పాఠాలు చెప్పానురా. ప్రాక్టికల్ చేసిన శిష్యుడివి నువ్వొక్కడివే. అదీ తప్పుగా చేసి ఏడ్చావు!"