దెబ్బ తిన్నవాళ్లే చెప్పాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాప్ కర్రలు నిలిచేవి కావు. సౌదీలోని అల్ ఖోబర్‌లో నర్సుగా పనిచేసే అమ్మ కొత్త మాప్ కొన్న వారానికే దాని కర్ర మాయమై, మేడ మీద మా మావయ్య చేతిలో తేలేది. మావయ్య రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పరంజాలు కట్టే పని చేసేవాడు. శుక్రవారం సెలవుకి మా ఇంటికి వచ్చి, ఎండ తగ్గాక నాకు కర్రసాము నేర్పేవాడు. గోదావరి పక్కన తన ఊళ్లో గురువు దగ్గర నేర్చుకున్న విద్య అది. నేనేమో స్కూల్లో కరాటే నేర్చుకునేదాన్ని. దీనికీ దానికీ సంబంధం ఏంటని అమ్మ సణిగితే, కాళ్లు కుదురుగా నిలబడటం ఎక్కడైనా ఒకటేగా అనేవాడు.

ఆయన సాములో మధ్యన తీర్పరి ఉండడు. కర్ర ఎవరికి తగిలితే వాళ్లే ఆగి, "తాకింది" అని పైకి చెప్పాలి. నాకది వట్టి చాదస్తంలా అనిపించేది. స్కూల్లో అయితే ఆ పనికి ముగ్గురు టీచర్లు జెండాలు పట్టుకుని కూర్చునేవారు.

ఏడో తరగతిలో, వేరే స్కూళ్లతో జరిగే పోటీకి మా స్కూలు నుంచి ఒక్క అమ్మాయినే పంపుతామన్నారు. చివరికి నేనూ, నిజామాబాద్ వైపు అమ్మాయి ఒకతీ మిగిలాం. వాళ్ల నాన్న ఉద్యోగం అయిపోయింది. ఆ వేసవికి ఇంటిల్లిపాదీ ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇండియా వెళ్లిపోతున్నారు. ఆమెకు ఇంకో ఏడాది లేదన్న సంగతి నాకు బాగా తెలుసు.

మంగళవారం ఇద్దరం తలపడ్డాం. చెరో రెండు పాయింట్ల దగ్గర ఆమె గుద్దు సరిగ్గా నా పక్కటెముకల మీద పడింది. ఊపిరి ఆగినంత పనైంది. ఒక్క జెండా కూడా లేవలేదు. పాయింటు వచ్చిందనుకుని ఆమె చేతులు దించింది. ఆ సందు చూసి నేను కొట్టాను. గెలిచాను.

శుక్రవారం మావయ్య ఎప్పుడూ అడిగేదే అడిగాడు. ఎన్ని కొట్టావని ఆయన ఏనాడూ అడగలేదు.

"ఎన్ని తాకాయమ్మడూ?"

"రెండే మావయ్యా."

సరేనని కర్ర చేతికిచ్చాడు. ఆ రోజు చాలా నెమ్మదిగా ఆడాడు. నా కర్ర తగిలిన ప్రతిసారీ ఆగి చెప్పాడు. ఒకసారి అది ఆయన చొక్కా అంచుని రాసుకుంటూ పోయింది. కర్ర పట్టుకున్న నాకే తెలియలేదు. ఆయన మాత్రం ఆగి, "తాకింది" అన్నాడు. నా అబద్ధం ఆయనకు తెలిసే అలా ఆడాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. కర్ర కింద పడేసి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

మావయ్య తిట్టలేదు. "నాకు చెప్తే ఏం లాభమే? నిన్ను కొట్టింది నేనా?" అన్నాడు.

శనివారం బడి మొదలవకముందే ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని చెప్పాను. 

"నాకెర్కనే. నా చేతికి తెల్వదా? నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న," అందామె.

ఇద్దరం కలిసి టీచరు దగ్గరికి పరిగెత్తాం. పేర్లు బుధవారమే పంపేశామనీ, ఇక మార్చడం కుదరదనీ ఆవిడ చెప్పింది. నేను వెళ్లనన్నాను. ఆ ఏడు మా స్కూలు నుంచి ఎవరూ వెళ్లలేదు. వేసవిలో ఆ అమ్మాయి వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు నేనూ నర్సునే, తల నెరుస్తోంది. పనిలో నా వల్ల పొరపాటు జరిగితే, ఎవరి కంటా పడకపోయినా, ఆ నిమిషమే వెళ్లి చెప్పేస్తాను. మా పిల్లలు నన్ను నిజాయితీపరురాలని మెచ్చుకుంటారు. ఆ మాట వింటే నాకు సిగ్గేస్తుంది. నేను నోరు విప్పుతానని నాలుగు రోజులు ఎదురుచూసిన మనిషిని ఒకసారి చూశాను. ఇంకొకరిని అలా నిలబెట్టలేను, అంతే.