బాగేపల్లి తాలూకాను కప్పేసిన మా దివాణం

మొదటి ఉద్యోగం చేస్తున్న ఆ రోజుల్లో ఎవరైనా "నువ్వెవరప్పా?" అని అడిగితే నేను నా పేరుతో మొదలుపెట్టేవాణ్ణి కాదు, మా ముత్తాతతో మొదలుపెట్టేవాణ్ణి. చాకవేలు దాటి కొంచెం లోపలికి పోతే వచ్చే మా ఊరికి ఆయన పటేలు. ఆయన కాలంలో మాకు చింతతోపులు, చెరువు కింద మాగాణి, పిలిస్తే పలికే పదిమంది మనుషులు ఉండేవారట. నా దాకా వచ్చేసరికి మిగిలింది ఒక రాతి తలవాకిలి, దాని పక్కన ఒక అరుగు, బాగేపల్లిలో ఒక అద్దె ఇల్లు, ఆ ఇంట్లో మా నాయన మాటలు. ఆ మాటలకు మాత్రం ఏ తరుగూ రాలేదు. "మన దివాణం ముందర గుర్రాలు కడతా ఉండ్రిరా" అని ఆయన వారానికి ఒకసారైనా అనేవారు. (ఎన్ని గుర్రాలని అడిగితే కోపం వచ్చేది.) ఇరవై మూడేళ్ళ వయసులో అంత బరువు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నానని నాకు తెలియదు. అది కిరీటం అనుకున్నాను.

మా ఆఫీసు చిక్కబళ్ళాపురంలో ఒక బ్యాటరీల అంగడి మీద, మిద్దెలో ఉండేది. పంచాయితీలకు కంప్యూటరులో మ్యాపులు తయారుచేసే పని. రోడ్లు, చెరువు గట్లు, సర్వే గీతలు వేరేవాళ్ళు గీసేవారు. వాటి మీద పేర్లు పెట్టడం నా వంతు. కన్నడ రాష్ట్రంలోని మా సీమలో ఊళ్ళ పేర్లు పలికేది తెలుగులో, రాసేది కన్నడ అక్షరాల్లో కాబట్టి రెండూ వచ్చిన నాకు ఆ కుర్చీ దొరికింది. ఆ పేర్లను లేబుళ్ళు అంటారు. ఒక్కో లేబులుకు అక్షరాల సైజు, రంగు, ఎంత దగ్గరికి వస్తే కనిపించాలి అన్నవి చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా దాని ప్రాముఖ్యం ఎంతో ఒక అంకె వేయాలి. ఒకే చోట రెండు పేర్లు ఢీకొంటే సాఫ్ట్‌వేర్ పెద్ద అంకె ఉన్నదాన్ని ఉంచి చిన్నదాన్ని మాయం చేస్తుంది. ఊరికి తొమ్మిది, చెరువుకు ఆరు, పాల డైరీకి మూడు, మామూలు కట్టడానికి ఒకటి. ఈ విద్య నేర్పింది మా పై అధికారి. చింతామణి ఊరి వర్తకుల ఇంటి ఆడపడుచు. ఎవరు ఏ పని చూపించినా "ముందు స్కేలు చూడప్పా" అనేది కాబట్టి ఆమెకు మేం పెట్టుకున్న పేరు స్కేలు మేడం. "దగ్గర పెట్టుకుని మురిసిపోవద్దు. తాలూకా అంతా ఒక్క తెరలో పడేట్టు దూరం పెట్టి చూసి, ఆమీద పంపియ్యి" అని రోజుకు నాలుగుసార్లు చెప్పేది. పటేలు మునిమనవడికి ఒక్కసారి చెబితే చాలదా అని నేను మనసులో అనుకునేవాణ్ణి.

ఉద్యోగం ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆరో నెలలో బాగేపల్లి తాలూకా నా చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పగానే మా నాయన గొంతు తగ్గించి, "మన దివాణం రాస్తావా?" అని అడిగారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. "రాయకుండా ఉంటానా నాయనా" అన్నాను. అంతే, ఇక నన్ను ఎవరూ ఆపలేరు.

మరునాడు మ్యాపులో మా తలవాకిలి మీద చుక్క పెట్టి 'పటేలు వారి దివాణం' అని టైపు చేశాను. ఒక్క క్షణం కనిపించి మాయమైంది. పక్కనే ఉన్న పాల డైరీ దాన్ని మింగేసింది. ఆ డైరీకి స్థలం ఇచ్చింది మేమే! (ఇచ్చామని మా నాయన అంటారు. తీసుకున్నామని ఎవరూ అనరు.) నా ఒళ్ళు మండింది. ఒకటిని నాలుగు చేశాను. డైరీ పోయింది, దివాణం వచ్చింది. తెరను కొంచెం జరిపితే ఈసారి చెరువు పేరు అడ్డొచ్చింది. నాలుగు ఏడైంది. చివరికి ఊరి పేరే అడ్డం పడితే పది వేశాను. పట్టికలో పది అనే అంకె లేదు, అయినా సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా తీసుకుంది. ఇలాంటి విధేయత మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చూడలేదు. ఆ ఊపులో అక్షరాలు లావు చేశాను, కుంకుమ రంగు వేశాను, రాజసం కోసం అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచాను, 'ఏ స్కేలులోనైనా కనిపించాలి' అన్న గడిలో టిక్కు పెట్టాను. దగ్గరగా చూస్తే తలవాకిలి మీద తోరణం కట్టినట్టుంది. కళ్ళు చెమర్చాయి. దూరం పెట్టి చూడటం మరిచిపోయాను. దూరం పోయేకొద్దీ తెర మీద అక్షరం చిన్నది కాదని, దాని కింద నేలే చిన్నదవుతుందని తెలిసి కూడా మరిచిపోయాను.

వారం తరువాత బాగేపల్లిలో తాలూకా సభ. దూరం పెట్టి చూశానన్న నా మాట నమ్మి, అచ్చయి చుట్టగా వచ్చిన పెద్ద మ్యాపును విప్పకుండానే పట్టుకుని, మేడం నన్ను కూడా వెంట తీసుకుపోయింది. గోడకు తగిలించగానే సభ నిశ్శబ్దమైంది. అది మెచ్చుకోలు అనుకుని నేను ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాను. ముందు వరసలోని ఒక సభ్యుడు కన్నడంలో మొదలుపెట్టి, కంగారులో తెలుగులోకి దిగాడు.

"మేడమ్మా, మా ఊరు యాడమ్మా?"

"మాదీ లేదే" అన్నాడు పక్కాయన. "చాకవేలు కూడా కనపడలే. చెరువులు కూడా పాయె!"

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని, తాలూకా ఒక మూల నుంచి మరో మూల దాకా పరుచుకున్న కుంకుమ రంగు అక్షరాలను వేలితో కూడబలుక్కుంటూ చదివాడు. "ప...టే...లు వారి దివాణం. ఇదేమప్పా, కొత్త ఊరా? దీంట్లో ఎన్ని ఓట్లు ఉండాయి?"

"ఓట్లు లేవప్పా" అన్నాడు వెనక వరసలో ఒకాయన, మా ఊరి సభ్యుడు. "గొర్రెలుండాయి."

సభ నవ్వడం ఆపేదాకా మేడం నా వైపు చూడలేదు. బయటికి వచ్చాక జీపు దగ్గర చూసింది.

"ఏమప్పా, ఎవరి దివాణం అది?"

"మాది మేడం. అక్కడందరూ దివాణమనే అంటారు."

"అట్లనా. అయితే రూలు తెలుసు కదా. చుట్టాలు కాని ముగ్గురు, ఆ ఊళ్ళో ఉండేవాళ్ళు, వాళ్ళంతట వాళ్ళే పేరు చెప్పి ఫారం మీద సయ్యి పెట్టాల. నువ్వు అడగాల, నోటికి అందియ్యకూడదు. ముగ్గురూ ఒకే పేరు చెప్తే ఒకటి అంకెతో అది మ్యాపులో ఉంటుంది, నువ్వూ ఉంటావు. చెప్పకుంటే అదీ పోతుంది, నువ్వూ పోతావు. ఎల్లుండి పొద్దునకు ఫారం నా టేబుల్ మీద ఉండాల."

మరునాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫారం అట్టకు బిగించి మా ఊళ్ళో బస్సు దిగాను. మొదట పాల డైరీ సెక్రెటరీని పట్టుకున్నాను.

"ఆ చోటును ఏమంటారు?"

"యా చోటు?"

"అదే, గొప్పది."

"గొప్పదా? మా ఊళ్ళోనా?" ఆయన నిజంగానే నాలుగు దిక్కులూ చూశాడు.

"రాతి వాకిలి ఉంది చూడండి."

"ఓ అదా! పటేలు పండుకునే కాడ."

నేను రాయలేదు. సరిగా వినలేదని నాకు నేను చెప్పుకుని, ఆయన చేత సయ్యి మాత్రం పెట్టించుకుని ముందుకు నడిచాను. ఒక ఇంటి ముందు చింతపండు గింజ తీస్తున్న పెద్దమ్మను అడిగాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "పటేలు పండుకునే కాడ. యాలప్పా, బస్సు అక్కడే నిలుస్తాది, పో."

"ఇంకేమైనా పేరు ఉందామ్మా? పెద్ద పేరు?"

"దానికి ఇదే పెద్దది కదప్పా, మూడు మాటలు."

మూడోవాడు గొర్రెల కాపరి, సాక్షాత్తూ మా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. అతనూ అదే అన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకంటారు అట్లా?"

"పటేలు ముద్ద తిని ఈ అరుగు మీద పండుకుంటా ఉండెనంట. పొద్దు వాలేదాకా లేసేది లేదు. జగడాలు పెట్టుకున్నోళ్ళు వచ్చి, ఆయన లేస్తాడని ఇక్కడే కాసుకుని, కాసుకుని, విసుగొచ్చి వాళ్ళే రాజీ అయి పోతా ఉండ్రంట. అంత మంచి పటేలు మళ్ళీ రాలేదని మా తాత అంటా ఉండె."

"ఇక్కడ గుర్రాలు కడతా ఉండ్రంట కదా?"

"గుర్రాలా? ఉప్పు మోసే గాడిదలప్పా. ఆయన లేసి తోలలేడని ధైర్యంగా కడతా ఉండ్రి."

ముగ్గురి సయ్యిలూ ఫారం మీద ఉన్నాయి, పేరు గడి ఖాళీగా ఉంది, నా చేతిలో పెన్నుంది. 'దివాణం' అని రాస్తే ఎవరూ వచ్చి చూడరు. మా నాయన గొంతు తగ్గించి అడిగిన మాట చెవిలో ఉంది. రాసే తీరాలన్న పట్టుదలతో అరుగు మీద కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. వేపచెట్టు గాలి తగులుతోంది. ఒక్క నిమిషం ఆలోచిద్దామని గోడకు తల ఆనించాను.

"లేయప్పా, లేయి" అని కాపరి కర్రతో నేల మీద తట్టాడు. "మధ్యాన్నం బస్సు పాయె. సాయంత్రం బస్సుకన్నా లేస్తావా?" నన్ను కాసేపు తేరిపార చూశాడు. "నువ్వు ఆ పటేలోళ్ళ మనిషివి కదూ?"

కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. దివాణమన్న మాట మా అద్దె ఇంట్లో తప్ప ఎక్కడా బతకలేదు. పటేలన్న మాటను మాత్రం మాకు ఏమీ కాని ముగ్గురు, అడగ్గానే, మూడు తరాల తరువాత చెప్పారు. ఫారంలో కన్నడ అక్షరాలతో గుండ్రంగా రాశాను: పటేలు పండుకునే కాడ.

మేడం ఫారం చదివింది. తరువాత చాలాసేపు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. తిరిగి చూసేటప్పటికి ముఖం మామూలుగా ఉంది. "ముగ్గురూ ఒకటే చెప్పినారు కదా. పెట్టు" అంది. నేనే టైపు చేశాను. ఒకటి అంకె, అన్నిటికంటే చిన్న సైజు, నల్ల రంగు. డైరీతో గుద్దుకోకుండా చుక్కకు ఎడమ పక్కకు జరిపాను. ఆ తరువాత తాలూకా అంతా తెరలో పడేదాకా దూరం పోయి చూశాను. మాది కనిపించలేదు. చాకవేలు కనిపించింది, చెరువులు కనిపించాయి, సభ్యుల ఊళ్ళన్నీ వాటి చోట్ల ఉన్నాయి. ఉద్యోగం ఖాయమైంది.

ఇంటికి పోయి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కండువా మడిచి విప్పి, మళ్ళీ మడిచారు. చివరికి తల ఎత్తి, "మా తాతకు ఎండ పడదురా. మధ్యాన్నం కన్ను మూయకుంటే తల నొస్తా ఉండె" అన్నారు. ఆ పైన దివాణం మాట మా ఇంట్లో రాలేదు.

ఇప్పుడు ఆ అరుగు పక్కనే రెండు గదులు వేసుకుని సెలవు రోజుల్లో పోయి వస్తున్నాం. పోయిన నెల ఒక మధ్యాహ్నం కొరియరు అతను ఫోన్ చేశాడు.

"సార్, మ్యాపులో పటేలు పండుకునే కాడ అని చూపిస్తాండాది. అక్కడేనా మీరు?"

"అక్కడే" అన్నాను. గొంతుకు దానంతట అదే దర్జా వచ్చింది. "నేను ఆ పటేలు మునిమనవణ్ణి."

"అట్లయితే లేసే ఉండారు కదా సార్?"

ఇరవై మూడేళ్ళప్పుడైతే ఫోను పెట్టేసి, అతని పై అధికారి ఎవరో కనుక్కుని ఉండేవాణ్ణి. ఇప్పుడు నిజంగానే కళ్ళు నులుముకుంటూ అరుగు మీద లేచి కూర్చుని, "ఇప్పుడే లేసినానప్పా, రా" అన్నాను.