ఫిల్ముకు పట్టిన చెమట

శంకర్ నగర్‌లో మా ఆఫీసు చల్లగది తాళంచెవి నా దగ్గరే ఉండేది. పాత ఫొటోల ఫిల్ములు దాచే గది అది. ఏ ఫిల్మునైనా లోపలే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి దూరకుండా బిగించి బయటికి తేవాలి. మర్నాటి దాకా బల్ల మీద అలాగే వదిలేయాలి. దాని చల్లదనం పూర్తిగా వదలకముందే విప్పామో, గాలిలోని తడంతా ఫిల్ము మీదికి చేరుతుంది. హిందీవాళ్ల ఊరు కదా, ఆఫీసులో అందరూ దాన్ని పసీనా అంటారు, చెమట అని. తొందరపడి విప్పబోయిన వాళ్లను నేను తిట్టని తిట్టు లేదు.

మా ఆయన రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవారు. ఆయన పోయాక, ఇక్కడి ఎండలకు పాడైపోతాయని ఆ ఫిల్ములన్నీ నేనే తెచ్చి చల్లగదిలో పెట్టాను. వాటిలో కాలనీ మొత్తం ఉంది, ఆయన తప్ప. ఒక్కదాంట్లో మాత్రం ఉన్నారు. అది నేను తీసింది. ఇంట్లో గోడకున్న దాని ఫొటోను చెదలు తినేశాయి.

దేవేంద్ర నగర్ ఇంట్లో ఒక్కదాన్నే. తెలుగులో పోట్లాడదామన్నా ఎదురుగా మనిషి లేరు. అదీ ఓర్చుకున్నాను. కానీ ఆ వానాకాలం ఆయన మొహం గుర్తుకు రావడం మానేసింది. మీసం గుర్తుంది, గొంతు గుర్తుంది, మొహం రాదు. భయమేసింది. మళ్లీ ఫొటో వేయిద్దామని, అగ్గిపెట్టెంత ఆ ఫిల్మును సంచిలో బిగించి బయటికి తెచ్చాను.

గంట గడిచింది, రెండు గడిచాయి. నా చెయ్యి కత్తెర మీదికి పోవడం పక్క బల్ల ఆవిడ చూసింది.

"మేడమ్, కల్ ఖోల్నా. పసీనా ఆ జాయేగా."

రేపటిదాకా విప్పొద్దని నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పింది!

"ముఝే మత్ సిఖావ్," నాకు నేర్పొద్దని కసిరాను. పాపం, డబ్బా పట్టుకుని భోజనానికి వెళ్లిపోయింది.

సంచి కత్తిరించాను. ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. నలుపూ తెలుపూ తారుమారైనా ఆయనే. అబ్బ, ఆ నుదురు! ఎన్నాళ్లకు చూశాను! అంతలోనే ఆ నుదుటి మీద సన్నటి చుక్కలు లేచాయి.

ఎండన పడి ఇంటికొచ్చిన ఆ మొహాన్ని అన్నేళ్లూ తుడిచిన చెయ్యి నాది. ఆలోచించనేలేదు. కొంగుతో తుడిచేశాను.

తడికి మెత్తబడ్డ పాత ఫిల్ము పొర కొంగుతో పాటే వచ్చేసింది. భుజాలు ఉన్నాయి, చొక్కా గుండీలు ఉన్నాయి. మొహం ఉండాల్సిన చోట కిటికీ అవతల పడుతున్న వాన కనిపించింది.