శాంతక్క పేపర్, నా రివ్యూ

నిన్న పొద్దుగాల తొర్రూరు బస్టాండ్ల ఉన్న. ఫోన్ వచ్చింది.

"సార్, శాంత మేడం లేదు. హార్ట్ ఎటాక్."
ఆమె స్టూడెంట్ అనిత. ఏడ్సుకుంట చెప్పింది.

నమ్మలే. మొన్ననే మాట్లాడిన.
నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. గాడనే నిలబడ్డ.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. శాంతక్క పాథాలజిస్ట్. గడ్డ నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి క్యాన్సరా కాదా చెప్పే డాక్టర్. మహబూబాబాద్ దగ్గర తండాల పుట్టింది. ఇంట్ల లంబాడీ, బడిల తెలుగు, కాలేజీల ఇంగ్లీషు. పీజీల నాకు సీనియర్.
నేను పాలకుర్తి దిక్కు, భూములున్న ఇంటోన్ని.

తంబాకు నమిలే ఆడోళ్లకు వచ్చే నోటి క్యాన్సర్ మీద ఆమె రీసెర్చ్. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాల దవాఖానలు తిరిగేది. ఒకసారి నేను గూడ తోడు పోయిన. ఒళ్లె స్లైడ్ల డబ్బా, గడ్డ ముక్కలు అతికిచ్చిన సన్నటి గాజు పలకలు. చెల్పూర్ కాడ గుంతలొస్తే డబ్బాను రెండు చేతుల మీదికి లేపి పట్టుకున్నది.

"ఏందమ్మా, గాజులా?" అన్నడు కండక్టర్.
"గాజే బిడ్డా. జర మెల్లగ పోనియ్యుమను" అన్నది. బస్సంత నవ్వింది.

ఇగ అసలు ముచ్చట.

ఒక పేపర్ జర్నల్ల అచ్చు కావాలంటే, గదే సబ్జెక్ట్ తెలిసిన ఇంకో డాక్టర్ చదివి, రివ్యూ రాసి, ఓకే అనాలె. ఆయన ఎవరో రాసినోళ్లకు చెప్పరు. కొన్నేండ్ల కింద అట్ల నాకొక పేపర్ వచ్చింది. ఓపెన్ చేస్తే శాంతక్క పేరు.

నోట్లె తెల్లమచ్చ క్యాన్సర్ అయితదా కాదా, ముందుగాలనే ఎట్ల గుర్తువట్టాలె అని రాసింది.
మస్తుగున్నది. ఫస్ట్ సారి చదివినప్పుడే తెలిసింది.

నేను గూడ గదే పని మీద ఉన్న. నాకు ఇంకా ఏం దొరకలే.
తండా నుంచి వచ్చినామె నన్ను దాటిపోవుడు నాకు పడలే. గింతే, వేరే కారణం లేదు.

ఐదు నెలలు పక్కకు పెట్టిన. జర్నలోళ్లు రిమైండర్ల మీద రిమైండర్లు పంపిన్రు. ఆఖరికి రెండు ముక్కలు రాసిన. శాంపిల్ చిన్నది. అంటే చూసిన పేషెంట్లు తక్కువ. ఇంగ్లీషు బాగలేదు.
రిజెక్ట్.

నా థీసిస్ల ఇంగ్లీషు తప్పులు దిద్దింది శాంతక్కనే.

వారం దినాలకు శాంతక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పేపర్ వాపస్ వచ్చింది. చదివినాయన ఎవరో గాని కరెక్టే చెప్పిండు. శాంపిల్ చిన్నదే. మళ్ల తిరుగుత."
"అట్లనా అక్కా" అన్న.

ఇంకో రెండేండ్లు తిరిగింది. ఈసారి ఇంకా పెద్ద జర్నల్ల వచ్చింది. ఇయ్యాల బయటి దేశాల డాక్టర్లు తమ పేపర్లల్ల ఆమె పేరు రాస్తున్రు. మా పీజీ పిల్లలు ఆమె పద్ధతిలనే స్లైడ్ చూస్తరు.

అచ్చయినంక ఆఖరి పేజీ ఫొటో తీసి నాకు పంపింది. అండ్ల, పేరు తెల్వని మొదటి రివ్యూయర్‌కు థ్యాంక్స్ అని ఉన్నది.
"ఆయన చదువుతడంటవా తమ్మీ?"
"చదువుతడక్కా" అన్న.

నావల్లనే పేపర్ ఇంకా మంచిగైంది అని ఎవ్వరు కామెంట్ పెట్టొద్దు. శాంపిల్ చిన్నది కాదు. వేరే తప్పు దొరకక రాసిన.
ఆ రెండేండ్లల్ల తెల్లమచ్చలతోని వచ్చిన ఎంతమందిని "ఏం గాదు అవ్వా" అని ఇంటికి పంపినమో.
నాకు తెల్వది.

నిన్న తండాల సావు కాడ శాంతక్క వాళ్లమ్మ నా చేతులు పట్టుకున్నది. "నా బిడ్డ నీ ముచ్చటే చెప్పేది సారూ" అన్నది. నన్ను మాట్లాడుమన్నరు. పేపర్లు, కాన్ఫరెన్సులు, పేరు, అన్ని చెప్పిన. అందరు ఏడ్సిన్రు. చెప్పాల్సింది మాత్రం నోట్లెకెళ్లి రాలే.

ఇయ్యాల పొద్దుగాల అనితకు ఫోన్ చేసి మొత్తం చెప్పిన.
"మేడం ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే సార్?" అన్నది.

ఫోన్ పెట్టేసి ఇది రాసుడు వెట్టిన.

శాంతక్కా, మాఫ్ చెయ్యుమని అడిగే ముఖం లేదు నాకు.
శానా తిరిగినవ్. ఇగ నిమ్మలంగ పండుకో అక్కా.